అద్దాల మీద ఎదురు వెలుగు

మా మనవడు నవీన్ సూర్యాపేటలో పెళ్లి ఫొటోలు తీస్తాడు. వాడి పని చూస్తే నాకు రోత పుడుతుంది. ఈ మాట వాడి ముఖం మీదనే చాలాసార్లు అన్నాను కాబట్టి ఇక్కడ రాయడానికి నాకు మొహమాటం లేదు. పోయిన ఎండాకాలం వాడు మిర్యాలగూడలో నా ఇంటికి వచ్చి, చాయ్ తాగుతూ, సంచిలోంచి రెండు నల్లటి డబ్బాలు తీసి నా అరచేతిలో పెట్టాడు. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దగా ఉన్నాయి. ఒకటి కెమెరా నెత్తిన కూర్చుంటుందట, రెండోది దూరంగా పెట్టిన ఫ్లాష్ కింద కూర్చుంటుందట. ఇక్కడ బటన్ నొక్కితే అక్కడ ఫ్లాష్ వెలుగుతుంది. మధ్యలో తీగ లేదు, పట్టుకునే మనిషి లేడు.

"దీన్ని ట్రిగ్గర్ అంటరు అమ్మమ్మా. రేడియో లెక్క పని చేస్తది. గోడ అవతల లైటు పెట్టినా కొడ్తది," అన్నాడు.

"మరి గోడ అవతలోడు నొక్కితే?"

వాడు చాయ్ గ్లాసు కింద పెట్టి నవ్వాడు. "మొన్న గదే అయింది. ఒక్కటే ఫంక్షన్ హాల్‌ల కింద మా పెండ్లి, పైన ఎవలిదో ఓణీల ఫంక్షన్. పైనోడిది, మాది ఒక్కటే ఛానల్. వాడు పైన నొక్కినప్పుడల్లా కింద మా లైట్లు టప్పున కొడ్తున్నయి. పెండ్లిపిల్ల కండ్లు మూసుడే మూసుడు. పంతులైతే పిడుగు పడ్తున్నదా నాయనా అన్నడు."

"ఛానల్ మార్చుకోవద్దారా?"

"ఎవడు మారుస్తడు? డబ్బా కొన్ననాడు ఎట్లుంటే గట్లనే పెట్టుకుంటం. అందరం ఒకటో నంబరే."

అందుకు నేనూ నవ్వాను. తరువాత వాడు ఫోనులో ఆ పెళ్లి ఫొటోలు చూపించాడు. అప్పుడు నవ్వు పోయింది. నాలుగు లైట్లు వాడి దగ్గర. తీగ లేదు కాబట్టి వాటిని తలుపు చాటున పెట్టుకోవచ్చు, పందిరి గుంజకు కట్టుకోవచ్చు, ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకోవచ్చు. వాడు నాలుగింటినీ తెచ్చి ఆ పిల్ల ముఖం ఎదురుగానే పెట్టాడు. ముఖం సున్నం కొట్టిన గోడలా ఉంది. ముక్కు లేదు, చెంప లేదు, గదవ లేదు. పక్కన నిలబడ్డ తండ్రి మంచి నల్లటి మనిషి, పొలంలో ఎండకు మెరిసే రకం. ఆయననూ బూడిద చేశాడు.

"ఈ పిల్లకు ముక్కేదిరా?"

"కస్టమర్ తెల్లగ కావాలంటడు అమ్మమ్మా. నల్లగొస్తే పైసలియ్యడు, గ్రూపుల పెట్టి తిడ్తడు."

నేను డబ్బాలు వాడి చేతిలో పెట్టేశాను. ఇంత దూరం పోగలిగే వెలుగును చేతిలో పెట్టుకుని వీళ్లు చేసే పని ఇది. నాకు ఈ మాట అనే హక్కు ఉంది. పెళ్లికి ముందు చాలా ఏళ్లు నేను చేసిన పని లైటు పట్టుకోవడమే. అయితే నాకు పుట్టే రోత అంతా మనవడి మీద కాదు. అందులో ఎక్కువ వాటా ఎవరిదో చెప్పడానికే ఇది రాస్తున్నాను. అక్షరాలు నలభై ఏళ్లు దాటాక, మా బిడ్డ బడి పుస్తకాలు ముందేసుకుని నేర్చుకున్నదాన్ని. వంపులు తిప్పి రాయడం నాకు రాదు.

మాది త్రిపురారం దాటాక కాలువ పక్కన ఉన్న తండా. చుట్టూ వరి పొలాలు. పొలాలు ఊళ్లో వాళ్లవి, నాట్లు మావి. మా ఇళ్లలో మాట్లాడుకునేది మా లంబాడీ మాట, బయట తెలుగు. నాకు ఓణీ వేసే వయసు వచ్చాక మా యాడి, అంటే మా అమ్మ, నన్ను మిర్యాలగూడలో సత్యం గారి ఇంట్లో గిన్నెలు తోమే పనికి పెట్టింది. ఆయన గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్టూడియో పెట్టుకున్నాడు. ముందు గది స్టూడియో, వెనక వంటిల్లు, రెండింటి మధ్య కిటికీ లేని చీకటి గది. ఆ చీకటి గదిలో ఒక పక్క ఫొటోలు కడిగే మందు సీసాలు, ఇంకో పక్క అమ్మగారి పప్పు డబ్బాలు, చింతపండు జాడీ. పొద్దున్నే తలుపు తీస్తే ఆ మందు ఘాటు, చింతపండు పులుపు కలిసి ముక్కులో గుచ్చుకునేవి. వీధిలోకి వస్తే రైసుమిల్లుల నుంచి ఉడికిన వడ్ల వాసన. నాకు మిర్యాలగూడ అంటే ఇప్పటికీ ఈ మూడు వాసనలే.

"ఏమండీ, మీ మందు సీసాలు కందిపప్పు పక్కన పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాలి? ఏదో ఒకరోజు అందరం పోతాం," అని అమ్మగారు రోజూ అరిచేది.

"పోతే పోదాంలే. పోయాక మొహాలైనా తెల్లబడతాయి," అని ఆయన లోపలి నుంచే జవాబిచ్చేవాడు.

ఆయన చెడ్డవాడు కాదు. నా మీద చెయ్యి ఎత్తలేదు, వంకర చూపు చూడలేదు. అమ్మగారు పండగకు పాత చీర ఇచ్చేది. నాకు చాయ్ పోసే గ్లాసు మాత్రం వేరు. అది కిటికీలో బోర్లించి ఉండేది, నా గ్లాసు నేనే కడుక్కునేదాన్ని. అప్పుడు అది నాకు తప్పుగా తోచలేదు. ఇప్పుడు తలుచుకుంటే నోట్లో చేదు ఊరుతుంది. ఆయనకు ఒక్కటే జబ్బు, తెలుపు. స్టూడియోలో ఒక బల్ల మీద దువ్వెన, అద్దం, పౌడర్ డబ్బా, మగవాళ్లకు ఒక కోటు, ఆడవాళ్లకు ఒక నీలం చీర ఉండేవి. ఎవరు వచ్చినా ముందు వాళ్ల ముఖం మీద పౌడర్ అద్దేవాడు. ఆ నీలం చీర ఎంతమంది ఒంటి మీదికి ఎక్కిందో లెక్కలేదు. ఉతికినట్టు నేను ఎప్పుడూ చూడలేదు. చెమట, పౌడర్, వాడిన పూలు, అన్నీ కలిసి కుళ్లిన వాసన. మడత పెట్టేటప్పుడు నేను ఊపిరి బిగబట్టేదాన్ని.

ఆయన దగ్గర లైటు పట్టుకునే మనిషి మేళ్లచెరువులో సిమెంటు లారీల మీద పనికి పోతే ఆ పని నా మీద పడింది. పెళ్లిళ్లలో, ఓణీల ఫంక్షన్లలో ఆడవాళ్ల మధ్యకు నన్నయితే రానిస్తారని ఆయన లెక్క. భుజానికి ఇటుక అంత బ్యాటరీ, చేతిలో ఫ్లాష్, అక్కడి నుంచి ఆయన కెమెరా దాకా నల్లటి తీగ. ఒక్కసారి కొట్టాక ఫ్లాష్ కీ అని సన్నగా ఏడ్చేది. ఆ ఏడుపు ఆగి ఎర్ర దీపం వెలిగేదాకా అందరూ నవ్వు బిగబట్టి నిలబడాలి. తీగ తట్టుకుని ఎవరో ఒకరు పడని పెళ్లి లేదు. ఒకసారి పెళ్లికొడుకు మేనమామే బోర్లా పడి, లేచి, "ఈ తాడుతో ఎవర్ని కడ్తవమ్మా?" అని నన్ను అడిగాడు. "ఎత్తు! చెయ్యి ఎత్తవే!" అని సత్యం గారు అరుస్తూనే ఉండేవాడు. ఎత్తి ఎత్తి నా కుడి భుజం ఎడమదాని కంటే లావైంది.

హుజూర్‌నగర్‌లో ఒక పెద్ద ఇంటి పెళ్లిలో నేను ఈ పని నేర్చుకున్నాను. పెళ్లికూతుర్ని నిలబెట్టిన గదిలో వెనక నిలువుటద్దం ఉన్న బీరువా. దాన్ని జరపడానికి చోటు లేదు. ఎదురుగా ఫ్లాష్ కొడితే ఆ వెలుగు అద్దంలో పడి తిరిగి వచ్చి కెమెరా కంట్లోనే గుచ్చుకుంటుంది. ఫొటోలో అద్దం ఉన్నచోట తెల్లటి మంట ఒకటే మిగులుతుంది. ఆడవాళ్లు తోసుకుంటుంటే నేను పక్కకు జరిగి, గోడకు అతుక్కుపోయాను. ఫ్లాష్ పట్టిన చెయ్యి ఒక్కటే మనుషుల మీది నుంచి చాచి ఉంచాను. ఆయన నొక్కేశాడు. రెండు రోజుల తరువాత చీకటి గదిలోంచి ఆ ఫొటో పట్టుకుని ఆయన బయటికి వచ్చాడు. అద్దంలో మంట లేదు. పిల్ల ముఖానికి ఒక చెంప వెలుగులో, ఒక చెంప నీడలో ఉంది. ముక్కు ముక్కులా ఉంది. ముక్కుపుడక ఒక్క చుక్క మెరిసింది.

"చెయ్యి ఎక్కడ పెట్టావే?" అన్నాడు.

చూపించాను. తీగ ఎంత దూరం వస్తుందో అంత దూరం పక్కకు పోయి నిలబడ్డాను. ఆయన గది అంతా కొలిచినట్టు చూసి, "అమ్మ దొంగా!" అన్నాడు. ఆ తరువాత అద్దాలున్న ఇళ్లలో, పటాలున్న గోడల దగ్గర, పెద్దవాళ్ల ఇళ్లలో ఆయన ఏమీ చెప్పకుండానే నేను పక్కకు పోయేదాన్ని. ఈ సంగతి ఆయనకు తెలుసు, నాకు తెలుసు. మరిచిపోవద్దు.

మా యాడి ఒంటి మీద బట్టలు ఎట్లా ఉండేవో చెప్పాలి. అద్దాలు కుట్టిన రవిక, అద్దాల లంగా, తల మీదినుంచి వచ్చే పైట, చెవుల పక్కన వేలాడే వెండి గంటలు, మణికట్టు నుంచి భుజం దాకా ఎముకతో చేసిన తెల్లటి బొక్క గాజులు. ఆమె నడిచి వస్తుంటే కాలువ మలుపు దగ్గరే చప్పుడు వినిపించేది. మా వయసు ఆడపిల్లలం అప్పటికే వాటిని మానేశాం. బస్సులో కండక్టరు నవ్వుతాడని, పనికి పోయిన ఇంట్లో పిల్లలు భయపడతారని. యాడి చూపు మందగిస్తుంటే కూడా పట్టుబట్టి కొత్త జత ఒకటి కుట్టుకుంది. చిక్కుడు గింజంత అద్దాలు, ఒక్కో అద్దం చుట్టూ ఎర్రదారం. ఎన్నో ఎండాకాలాలు ఆ పని మీదనే కూర్చుంది. అది అయిపోయిన నెల, జొన్న రొట్టెలు మూట కట్టుకుని, ఆ బట్టల్లోనే బస్సెక్కి, మిర్యాలగూడలో సత్యం గారి గుమ్మంలో దిగింది.

"నా బొమ్మ తియ్యమను," అంది నాతో మా మాటలో. "ఇగ కుట్టుడు నాతోని కాదు. నేను పోయినంక నీ పిల్లలకు నేను ఎట్లుంటినో తెల్వద్దా?"

ఆ రోజు స్టూడియో బెంచీ మీద ఒక పెద్ద రైతు కుటుంబం కూర్చుని ఉంది. వాళ్లలో నా ఈడు పిల్ల ఒకతె ఉంది, చేతికి గడియారం, రెండు జడలు. మా యాడి గంటలు మోగించుకుంటూ లోపలికి రాగానే ఆ పిల్ల పమిట నోట్లో కుక్కుకుని నవ్వింది. ఆ నవ్వు నా వీపు మీద పడింది. నేను తిరిగి చూడలేదు.

సత్యం గారు యాడిని పైనుంచి కిందికి చూశాడు. "ఏమ్మా చాందీ, మీ అమ్మ ఒంటి మీద వంద బీరువాలున్నాయి కదే. ఇట్లా తీస్తే మనిషి రాదు, మంటలే వస్తాయి. ఆ చీర ఇచ్చి మార్చుకోమను. ఐదు నిమిషాల పని."

యాడికి తెలుగు బాగానే వచ్చు. అయినా ఆమె నా వైపు తిరిగింది. "నువ్వేమంటవ్?" అని అడిగింది. నేను రోజూ ఆ లైటు పట్టుకునేదాన్నని, తండాలో అందరికీ గొప్పగా చెప్పుకున్నది ఆమెనే. ఆ పని తెలిసిన మనిషిని అడిగినట్టు అడిగింది.

"నేను పక్కనుంచి పడతాను సారూ" అని నాలుగు మాటలు అంటే అయిపోయేది. ఆ గది నాకు తెలుసు. ఎడమ గోడ దాకా తీగ వస్తుంది. ఆయన కాదనేవాడు కాదు, నసిగేవాడు, అంతే. వెనక ఆ పిల్ల ఇంకా నవ్వుతూనే ఉంది.

"ఇవి తీసెయ్ యాడీ," అన్నాను. "అందరు నవ్వుతున్నరు."

ఆమె చీకటి గదిలోకి పోయి, పప్పు డబ్బాల మధ్య నిలబడి, కొత్త బట్టలు ఒక్కొక్కటీ విప్పింది. నేనే ఆ నీలం చీర చుట్టాను. కంపుకు ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది. బొక్క గాజులు ఊడవు కాబట్టి చేతులు కొంగు కింద దాచమన్నాడు. గంటలు జుట్టులోకి దోపించాడు. తరువాత పౌడర్. ఆయన అద్దుతుంటే యాడి, "ముగ్గు ఏస్తున్నవా అయ్యా?" అంది. బెంచీ మీది వాళ్లందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా చేతులతో నేనే ఫ్లాష్ ఎత్తి, ఆమె ముఖం ఎదురుగా, ముక్కు సూటిగా పట్టుకున్నాను.

ఫొటో వచ్చాక తండాకు తీసుకుపోయి ఇచ్చాను. ఆమె గుడిసె ముందు వెలుగులోకి తెచ్చి, దగ్గరికీ దూరానికీ పట్టుకుని చూసింది. "ఈమె ఎవలు?" అంది. "మీ సారుకు సుట్టమేమో, నీ దగ్గర్నే ఉంచుకో," అని నా చేతిలో పెట్టి గొడ్లకు నీళ్లు పెట్టడానికి పోయింది. మళ్లీ ఎన్నడూ ఫొటో మాట ఎత్తలేదు. ఆమె పోయినప్పుడు ఆ అద్దాల బట్టలతోనే సాగనంపాం. గోడకు పెట్టడానికి నా దగ్గర ఉన్నది ఆ ఒక్క ఫొటోనే. పెద్దది చేయించి పెట్టాను. తెల్లటి ముఖం, ఆ స్టూడియో చీర, చేతులు లేని మనిషి. మా బిడ్డ దానికి దండం పెట్టి పెరిగింది, నవీన్ దండం పెట్టి పెరిగాడు. దండలు మార్చేటప్పుడు నేను దాని ముఖం చూడను.

ఇప్పుడు సంగతికి వస్తాను. ఆ ట్రిగ్గర్లు చూపించిన రోజు నవీన్ వచ్చింది చాయ్ కోసం కాదు. కోదాడలో పొలాలు, వ్యాపారాలు ఉన్న ఒక ఇంటి పిల్లకు పెళ్లికి ముందు ఫొటోలు తీయాలి. ఈ మధ్య పెళ్లికి ముందే జంటను తీసుకుపోయి వేషాలు వేసి తీయడం వచ్చింది. ఆ పిల్లకు లంబాడీ వేషం కావాలట, కాలువ గట్టు మీద కావాలట. బట్టలు సూర్యాపేటలో కిరాయికి దొరికాయి.

"గాలికి స్టాండు పడిపోతది అమ్మమ్మా. నువ్వు జర లైటు పట్టుకో. నీకు అలవాటే గదా," అన్నాడు.

ఏ బట్టలు చూసి బస్సుల్లో నవ్వారో ఆ బట్టలకు ఇప్పుడు కిరాయి. అయినా పోయాను. ఎందుకు పోయానంటే, చూడాలని.

ఆ పిల్ల కారు దిగింది. రవిక మీద ప్లాస్టిక్ అద్దాలు, మిషను కుట్టు. కొంగును ఓణీలా భుజం మీద వేసుకుంది. "అబ్బా, ఇంత బరువేంటండీ, ఇవి వేసుకుని వాళ్లు నాట్లెలా వేసేవాళ్లో!" అంది. పెళ్లికొడుకు, "నువ్వు నాటేస్తే వరి భయపడి తలకిందులుగా మొలుస్తుంది," అన్నాడు. ఆమె వేషానికని పట్టుకున్న కర్రతో అతన్ని కొట్టింది. పాపం, చెడ్డ పిల్లలు కారు. ఎండ దిగుతోంది. నవీన్ నన్ను ఆమెకు సూటిగా ఎదురుగా నిలబెట్టి, అవతలికి పోయి నొక్కాడు. చప్పుడు లేదు, ఏడుపు లేదు. నా చేతిలో ఫ్లాష్ దానంతట అదే కొట్టింది. వాడు కెమెరా చూసుకుని, "ఛ, అద్దాలన్నీ తెల్లగ పేలినయి. కానీ తియ్, ఎడిటింగ్‌ల ముఖం ఒక్కటి కాపాడుదం," అన్నాడు.

నేను పక్కకు నడిచాను. ఎవరినీ అడగలేదు. గట్టు దిగి, చెయ్యి చాచి, ఆమె ఎడమ చెంపకు అందేలా పట్టుకుని, "కొట్టు," అన్నాను. వాడు నొక్కాడు. చూసుకున్నాడు. మళ్లీ చూసుకున్నాడు.

"అమ్మమ్మా, ఏం జేసినవ్?"

ఆ పిల్ల కొంగెత్తుకుని పరుగెత్తుకొచ్చి కెమెరాలో చూసింది. "అయ్యో, ఎంత బాగుందో! నేనేనా?" అంది. తరువాత నా వైపు తిరిగి, "అమ్మమ్మగారూ, ఈ కొంగు అసలు ఇలాగేనా వేసుకుంటారు? మీ అమ్మగారి ఫొటో ఏదైనా ఉంటే చూసి సరిచేసుకుంటాను," అంది.

"ఉన్నది, ఇంట్ల పటం ఉన్నది," అన్నాడు నవీన్.

"అది పనికిరాదు," అన్నాను. లైటు వాడికి ఇచ్చి, నా చేతులతో ఆ పిల్ల కొంగు తీసి, తల మీదినుంచి వేసి, చెవుల దగ్గర మడిచి, నడుము దగ్గర దోపాను. మా యాడి ఎట్లా వేసుకునేదో నా వేళ్లకు గుర్తుంది. తరువాత మళ్లీ లైటు తీసుకుని పక్కకు పోయి నిలబడ్డాను. చీకటి పడేదాకా వాడు తీస్తూనే ఉన్నాడు. ఒక్కటి కూడా చెడలేదు.

పెళ్లికి రమ్మని ఆ పిల్ల ఫోను చేసింది. కోదాడలో ఫంక్షన్ హాలు గేటు దగ్గర కాలువ గట్టు మీద తీసిన ఫొటోనే ఇంటి ఎత్తున కట్టారు. వాళ్లూ వీళ్లూ దాని కింద నిలబడి ఫోన్లు పట్టుకుని ఫొటోలు దిగుతున్నారు. వంటపాక నుంచి సక్రి వచ్చింది. చిన్నతనంలో మా యాడి వెంట నాట్లకు పోయిన మనిషి, ఇప్పుడు కోదాడలో కొడుకు దగ్గర ఉండి, పెళ్లిళ్లలో ఉల్లిగడ్డలు కోస్తుంది. కళ్లు చికిలించి చాలాసేపు పైకి చూసింది.

"ఈ పిల్ల ఎవలే చాందీ? మన తండాదా?"

"కాదు. పెండ్లిపిల్లనే."

"కొంగు సూడు, అచ్చం మీ యాడి ఏసుకున్నట్టే ఉన్నది. గిట్ల తల తిప్పి సూస్తే ఆమెనే యాదికొచ్చె."

"కొంగు నేనే సర్దిన. లైటు గూడ నేనే పట్టిన."

సక్రి తడి చేతులు కొంగుకు తుడుచుకుంది. తిట్టడానికి కాదు, మామూలుగానే అడిగింది. "మరి మీ యాడిది గిట్ల తీయకపోతివి?"

"గప్పుడు గిసువంటి మిషన్లు ఏడియి?" అన్నాను.

సక్రి నమ్మింది.